జెడ్/28 అసలైనదేనా: 1969 షెవర్లే కమారోను తనిఖీ చేసే పద్ధతి

1969 మోడల్ షెవర్లే కమారో జెడ్/28 కొనాలనుకునేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. జెడ్/28 విడిగా తయారైన కారు కాదు, ఆర్డరు ఫారంలోని ఒక ఆప్షన్ సంకేతం మాత్రమే. అప్పట్లో డీలరు దగ్గర మామూలు వీ8 కమారో కూపేను ఎంచుకుని, ఆ సంకేతం రాయించి, మోడల్ సంవత్సరం మొదట్లో ఉన్న ధర ప్రకారం 458 డాలర్లు అదనంగా కట్టినవారికి 302 ఘనపు అంగుళాల ఇంజిన్, గట్టి సస్పెన్షన్, 15 అంగుళాల చక్రాలు, బానెట్ మీద రెండు వెడల్పాటి చారలు వచ్చేవి. ఆ ఏడాది తయారైన సుమారు 2,43,000 కమారోలలో ఈ ఆప్షన్‌తో బయటికి వెళ్లినవి 20,302. మిగిలిన కూపేలన్నింటికీ రేకు అదే, తలుపులు అవే, డ్యాష్‌బోర్డు అదే. చారలు వేయడానికి రెండు రోజుల పని చాలు. బ్యాడ్జీలు, స్పాయిలర్లు, చక్రాలు ఇవాళ్టికీ కొత్తవి కేటలాగుల్లో దొరుకుతున్నాయి. అందుకే ఈ కారు విషయంలో కంటికి నచ్చే వస్తువేదీ సాక్ష్యంగా పనికిరాదు.

పాత అమెరికన్ కార్లలో దీన్నే ఎంచుకోవడానికి కారణం, తనిఖీకి ఇది బాగా కష్టమైన కారు కావడమే. దీని ఛాసిస్ నంబరు ఇంజిన్ ఏదో చెప్పదు. అమెరికాలో అమ్ముడైన కారైతే ఏ ఆప్షన్లతో తయారైందో తిరగేసి చూసుకోవడానికి కంపెనీ దగ్గర రికార్డు కూడా లేదు. దీన్ని తనిఖీ చేయడం చేతనైనవారికి ఫోర్డు, క్రైస్లరు, పాంటియాక్ కార్లు తేలికగా లొంగుతాయి.

కారు దగ్గరికి వెళ్లకముందు

ఆ కారులో ఏం ఉండి తీరాలో, ఏం ఉండకూడదో ముందు మనసులో స్థిరపరచుకోవాలి. ట్రాన్స్-యామ్ రేసుల్లో ఇంజిన్ పరిమాణం 305 ఘనపు అంగుళాలు దాటకూడదన్న నిబంధన ఉండేది. ఆ హద్దుకు లోబడి షెవర్లే ఇంజినీర్లు తమ 327 ఇంజిన్‌కు ఉన్న 4 అంగుళాల సిలిండరు వ్యాసాన్నీ, పాత 283 ఇంజిన్‌కు ఉన్న 3 అంగుళాల స్ట్రోకునూ కలిపి 302ను తయారుచేశారు. కాగితం మీద దాని శక్తి 290 హార్స్‌పవర్. అసలు బలం అంతకంటే ఎక్కువేనని ఈ కార్లు ఎరిగినవారందరూ ఒప్పుకుంటారు. ఈ ఇంజిన్‌తో పాటు నాలుగు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్సు, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు తప్పనిసరిగా తీసుకోవాలి. వెనక యాక్సిల్ 12 బోల్టులది. ఆటోమేటిక్ గేర్‌బాక్సు, ఎయిర్ కండిషనింగ్, మడత టాపు, ఈ మూడూ 1969 జెడ్/28తో అమ్మలేదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా ఈ కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడే ఉన్నట్టు తేలితే ఇక ముందుకు వెళ్లనక్కర్లేదు.

తర్వాత అమ్మకందారును ఐదు ఫొటోలు అడగండి: డ్యాష్‌బోర్డు మీది విన్ (ఛాసిస్ నంబరు) ప్లేటు, ఇంజిన్ గదికీ సీట్ల భాగానికీ మధ్య గోడ అయిన ఫైర్‌వాల్ మీది ట్యాగ్, ఇంజిన్ ముందు భాగంలోని నంబరు, ఇంజిన్ బ్లాకు (సిలిండర్లుండే ఇనుప దిమ్మ) వెనక ఉన్న పోత తేదీ, వెనక యాక్సిల్ గొట్టం మీది సంకేతం. నిజమైన కారు ఉన్న యజమాని వీటిని ఎప్పుడో తీసి పెట్టుకునే ఉంటాడు. కారు పక్కనుంచి, దూరంనుంచి, సాయంత్రపు ఎండలో తీసిన నలభై ఫొటోలు పంపి ఈ ఐదింటిలో ఒక్కటీ పంపని మనిషి దగ్గరికి మూడు గంటలు కారు నడుపుకుంటూ పోవడం నా దృష్టిలో పెట్రోలు దండగ.

వెళ్లేటప్పుడు మంచి టార్చిలైటు, పంటి డాక్టర్లు వాడే లాంటి చిన్న అద్దం, మెత్తటి గుడ్డలు, బ్రేక్ క్లీనరు డబ్బా, నోటు పుస్తకం తీసుకువెళ్లండి. ఇనుప బ్రష్షు, గరుకు కాగితం మాత్రం వద్దు. మీరు చదవబోయే గీతలు కొన్ని వెంట్రుక మందంలో ఉంటాయి, వాటిని మీ చేతులతోనే చెరిపేసుకునే ప్రమాదం ఉంది. కారు కిందికి దూరవలసి వస్తుంది కాబట్టి స్టాండ్లు వేయించండి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కిందికి ఎట్టి పరిస్థితిలోనూ వెళ్లవద్దు.

మొదటి అడుగు: విన్ ప్లేటు

మన ఆర్సీలో ఛాసిస్ నంబరు ఎలాగో అమెరికా కార్లకు విన్ నంబరు అలాగే. ఇప్పుడున్న 17 అక్షరాల పద్ధతి 1981 మోడళ్లతో వచ్చింది. అంతకుముందు ఎవరి పద్ధతి వారిది. 1969 కమారో విన్‌లో 13 స్థానాలుంటాయి. డ్రైవరు వైపు డ్యాష్‌బోర్డు మీద, బయటినుంచి అద్దంలోంచి చదవగలిగేలా ప్లేటు ఉంటుంది.

మీకు కనిపించవలసిన నంబరు 124379తో మొదలవుతుంది. మొదటి 1 షెవర్లేను, 24 వీ8 ఇంజిన్ ఉన్న కమారోను, 37 రెండు తలుపుల కూపేను, 9 మోడల్ సంవత్సరాన్ని తెలుపుతాయి. దాని వెనక వచ్చే అక్షరం ఫ్యాక్టరీది: ఒహాయోలోని నార్‌వుడ్ అయితే ఎన్, కాలిఫోర్నియాలోని వాన్ నైస్ అయితే ఎల్. ఆ పైన ఆరంకెల వరుస సంఖ్య. 24 ఉండవలసిన చోట 23 ఉంటే ఆ కారు ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో పుట్టింది. 37 ఉండవలసిన చోట 67 ఉంటే అది మడత టాపు కారు. ఈ రెండు సందర్భాల్లోనూ అది జెడ్/28 అయ్యే అవకాశం లేదు.

అంటే ఈ నంబరు మీ కారు జెడ్/28 కాదని తేల్చగలదే తప్ప, అవునని ఎన్నటికీ చెప్పలేదు. ‘విన్ ప్రకారం ఇది ఒరిజినల్ జెడ్/28’ అని ప్రకటనలో రాసిన వ్యక్తికి కారు గురించి తెలియకపోయి ఉండాలి, లేదా మీకు తెలియదని అతను అనుకుని ఉండాలి.

ప్లేటును పట్టి ఉంచిన రివెట్లను కూడా చూడండి. ఫ్యాక్టరీ రివెట్ల తలలు పూరేకుల ఆకారంలో ఉంటాయి. మామూలు గుండ్రటి తలలున్నా, స్క్రూలున్నా, ప్లేటు చుట్టూ జిగురు కనిపించినా, దాగిన నంబర్లు చూసేవరకు ఆ కారు విషయంలో ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. వాటి సంగతి కిందికి వస్తుంది.

కౌల్ ట్యాగ్, దాని మీది ఎక్స్ సంకేతం

బానెట్ ఎత్తి ఫైర్‌వాల్ మీద డ్రైవరు వైపు చూస్తే చిన్న రేకు ట్యాగ్ ఉంటుంది, దీన్నే కౌల్ ట్యాగ్ అంటారు. దాని మీద బాడీ నంబరు, లోపలి సీట్ల రంగు సంకేతం, పెయింటు సంకేతం, బాడీ తయారైన తేదీ ఉంటాయి. తేదీ 03బీ లాగా కనిపిస్తుంది: 03 అంటే మార్చి, బీ అంటే ఆ నెల రెండో వారం. పెయింటు 72 72 అని ఉంటే కింద, పైన రెండూ హగ్గర్ ఆరెంజ్ అని అర్థం. 71 లెమాన్స్ బ్లూ, 79 ర్యాలీ గ్రీన్, 10 టక్సీడో బ్లాక్. ట్యాగ్ మీద 79 ఉండి కారు నారింజ రంగులో మెరుస్తుంటే రంగు మార్చారన్నమాట. దానంతట అది తప్పేమీ కాదు గానీ ధర మీద ప్రభావం ఉంటుంది.

1968 డిసెంబరు నుంచి నార్‌వుడ్ ఫ్యాక్టరీ ఈ ట్యాగ్ మీద ఎక్స్ అక్షరంతో మొదలయ్యే సంకేతం ఒకటి వేయసాగింది. ఎక్స్33 అంటే స్టైల్ ట్రిమ్ అలంకరణతో ఉన్న జెడ్/28, ఎక్స్77 అంటే ఆ అలంకరణ లేని జెడ్/28. ఎక్స్66, ఎక్స్22 సంకేతాలు ఎస్ఎస్ 396 అనే వేరే ఆప్షన్ ఉన్న కమారోలవి. నార్‌వుడ్‌లో 1969 మార్చిలో తయారైన కారు ట్యాగ్ మీద ఎక్స్66 ఉండి పక్కన జెడ్/28 బ్యాడ్జి ఉంటే ఆ బ్యాడ్జి తర్వాత అతికించినదే. డిసెంబరు కంటే ముందు తయారైన నార్‌వుడ్ కార్లకు గానీ, వాన్ నైస్ కార్లు వేటికీ గానీ ఈ సంకేతం ఉండదు. కాబట్టి అది లేనంత మాత్రాన కారు నకిలీ అనుకోకూడదు.

చాలామంది కొనుగోలుదారులు ఎక్స్33 కనిపించగానే చెక్కుబుక్కు తీస్తారు. ఇక్కడే ఆగి ఆలోచించాలి. ట్యాగ్ మీద ఎన్ఓఆర్ (నార్‌వుడ్) అన్న అక్షరాల తర్వాత వచ్చే సంఖ్య బాడీ నంబరు. విన్‌లోని వరుస సంఖ్యకు అది సమానం కాదు. ఈ ట్యాగ్ ఈ కారుదేనని కట్టిపడేసే ముడి ఏదీ దాని మీద లేదు. తుక్కుకు పోయిన జెడ్/28 ట్యాగ్ ఊడదీసి ఆరు సిలిండర్ల కారుకు బిగించినా, కొత్తగా అచ్చు కొట్టించినా, ట్యాగ్ మటుకు ఎక్స్33 అనే చెబుతుంది. రివెట్ల చుట్టూ రంగు పగిలిందా, ట్యాగ్ కింద వేరే రంగు పొర ఉందా, ట్యాగ్ మీద చెప్పిన లోపలి రంగు ఆనవాళ్లు సీట్ల కింద, డ్యాష్‌బోర్డు వెనక ఎక్కడైనా మిగిలాయా అన్నవి ఓపికగా చూడాలి.

ఇంజిన్ ప్యాడ్: ఎక్కువ సమయం ఇక్కడే గడపండి

ఇంజిన్ ముందు భాగంలో, ప్రయాణికుడి వైపు, సిలిండరు హెడ్ బ్లాకును కలిసే చోట, రెండు వేళ్ల వెడల్పున చదును చేసిన ఒక మెట్టు ఉంటుంది. దాన్ని ప్యాడ్ అంటారు. 1969 కార్లలో ఆల్టర్నేటరు సరిగ్గా దాని ముందుకు వచ్చి కూర్చుంటుంది కాబట్టి అద్దం, టార్చి అవసరమవుతాయి. వీలైతే ఆల్టర్నేటరును పక్కకు జరిపించండి. గుడ్డ మీద బ్రేక్ క్లీనరు చల్లి జిడ్డు మెత్తగా తుడవండి.

అక్కడ రెండు ముద్రలుండాలి. ఒకటి వీ0304డీజెడ్ వంటిది. వీ అంటే ఫ్లింట్ ఇంజిన్ ఫ్యాక్టరీ, 0304 అంటే మార్చి 4, డీజెడ్ అంటే 1969 జెడ్/28 302 ఇంజిన్. రెండోది నార్‌వుడ్ కారైతే 19ఎన్‌తో, వాన్ నైస్ కారైతే 19ఎల్‌తో మొదలై ఆరంకెలతో ముగుస్తుంది. ఆ ఆరంకెలూ విన్ ప్లేటు మీది చివరి ఆరంకెలూ ఒకటే కావాలి. ఈ రెండో ముద్రే ఇంజిన్‌ను కారుకు ముడివేస్తుంది. అమ్మకందారులు ‘మ్యాచింగ్ నంబర్స్’ అని గొప్పగా చెప్పుకునేది దీని గురించే.

అయితే ఇనుము మీద అంకెలు కొట్టే అచ్చులు ఎవరైనా కొనుక్కోవచ్చు. అందువల్ల అంకెల కంటే ముందు, అంకెలున్న ఉపరితలాన్ని చూడాలి. ఫ్యాక్టరీలో బ్లాకు పైభాగాన్ని కోసిన యంత్రం ప్యాడ్ మీద సన్నని, సమాంతరమైన గీతలు వదులుతుంది. అవి ముందునుంచి వెనక్కు, దువ్వెన పళ్లతో గీసినట్టు ఉంటాయి. టార్చిని నిటారుగా కాక, ప్యాడ్‌కు దాదాపు ఆనించి పక్కనుంచి వేస్తే ఆ గీతలు లేచి కనిపిస్తాయి. అంకెలు ఆ గీతలను కోసుకుంటూ దిగి ఉండాలి. గీతలు అసలే లేకుండా ప్యాడ్ అద్దంలా నున్నగా ఉన్నా, గీతలు గుండ్రంగా తిరిగినా, అంకెల చుట్టూ పల్లం పడ్డట్టున్నా పాత ముద్రను అరగదీసి కొత్తది కొట్టి ఉండవచ్చు. ‘ఉండవచ్చు’ అనడానికి కారణం, ఇంజిన్ మరమ్మతులో బ్లాకు పైభాగాన్ని చదును చేయించిన నిజాయతీపరుల కార్లలో కూడా గీతలు పోతాయి. అలాంటప్పుడు సాధారణంగా ముద్రలు కూడా పోతాయి. గీతలు పోయి ముద్రలు మాత్రం నిక్షేపంగా ఉంటే అనుమానించక తప్పదు.

కొన్నేళ్ల క్రితం వసంతకాలంలో, డెట్రాయిట్ శివార్లలో ఉద్యోగం చేసుకుంటున్న మా గుంటూరు మిత్రుడొకరు నారింజ రంగు కమారో ఒకటి చూడడానికి నన్ను వెంటబెట్టుకు వెళ్లారు. ట్యాగ్ మీద 03బీ, ఎక్స్33. ప్యాడ్ మీద మార్చి తేదీ, డీజెడ్. ‘అన్నా, డీజెడ్ ఉంది, విన్ అంకెలు కలిశాయి, ఇంకేం కావాలి?’ అన్నారాయన, అప్పటికే మనసులో దాన్ని తన గ్యారేజీలో పెట్టేసుకుని. ప్యాడ్ మాత్రం స్టీలు పళ్లెంలా మెరుస్తోంది. అద్దం పట్టుకుని బ్లాకు వెనక్కు చూస్తే పోత తేదీ ఎఫ్ 11 9. ఎఫ్ అంటే ఆరో నెల. జూన్ 11న పోతపోసిన బ్లాకు మార్చిలో ఇంజిన్ ఎలా అవుతుందో ఇంటాయనకూ తెలియలేదు. ఆ పెద్దాయన మోసగాడు కాదు. ఇరవై ఏళ్ల క్రితం తనకు చెప్పిన మాటనే మాకూ చెప్పాడు. టీ తాగించి పంపించాడు.

ప్యాడ్ మీద సీఈ అన్న అక్షరాలు కనిపిస్తే కంగారు పడవద్దు. వారంటీ కాలంలో పాడైన ఇంజిన్ స్థానంలో షెవర్లే ఇచ్చిన మారు బ్లాకులకు ఆ ముద్ర వేసేవారు. జెడ్/28లు రేసుల్లోనూ, సిగ్నళ్ల దగ్గర పంతాల్లోనూ తెగ వాడిన కార్లు కాబట్టి ఇంజిన్ పోగొట్టుకున్న అసలైన కార్లు తక్కువేమీ కావు. కారు అసలుదా అన్నది ఒక ప్రశ్న, ఇంజిన్ అసలుదా అన్నది వేరే ప్రశ్న. రెండింటికీ వేర్వేరు ధరలున్నాయి.

తేదీల వరుస

ముద్ర వేసిన అంకెలు ఇనుములోకి గుంటగా దిగి ఉంటాయి. పోత అంకెలు ఇనుము కరిగించి మూసలో పోసినప్పుడే ఉబ్బెత్తుగా పైకి తేలి వస్తాయి. వీటిని మార్చడం చాలా కష్టం. అందుకే నేను ప్యాడ్ కంటే పోత తేదీని ఎక్కువ నమ్ముతాను.

బ్లాకు వెనక, గేర్‌బాక్సు కలిసే అంచు దగ్గర డ్రైవరు వైపు ఏడంకెల పోత నంబరు, ప్రయాణికుడి వైపు పోత తేదీ ఉంటాయి. తేదీలో మొదటి అక్షరం నెల: జనవరికి ఏ, డిసెంబరుకు ఎల్. తర్వాత రోజు, ఆ తర్వాత సంవత్సరంలోని చివరి అంకె. 1969 నాటి 302కు 3956618, 3970010 వంటి పోత నంబర్లు కనిపిస్తాయి. 3970010 చూసి ‘ఇదిగో జెడ్/28 బ్లాకు’ అని చెప్పేవారున్నారు గానీ, అదే పోతను 350 ఇంజిన్లకు 1970లలో ఏళ్ల తరబడి వాడారు. పైగా సంవత్సరానికి ఒకే అంకె కాబట్టి, 9 అంటే 1979 కూడా కావచ్చు. పోత నంబరు ఒక్కటే చూసి ఏదీ తేల్చవద్దు.

నోటు పుస్తకంలో ఒక గీత గీసి దాని మీద తేదీలు వరుసగా రాయండి. బ్లాకు పోత ముందు, ఇంజిన్ కూర్పు దాని తర్వాత, బాడీ తేదీ ఆ పైన రావాలి. సాధారణంగా ఈ మూడూ కొద్ది రోజుల నుంచి కొద్ది వారాల ఎడంలో ఉంటాయి. సిలిండరు హెడ్లు, ఇన్‌టేక్ మానిఫోల్డు, గేర్‌బాక్సు, యాక్సిల్, వీటికి కూడా తేదీలుంటాయి; దొరికినవన్నీ అదే గీత మీద పెట్టండి. ఒక్క భాగం తేదీ ముందుకో వెనక్కో పోతే ఆ భాగం మారినట్టు. నాలుగైదు భాగాలు ఒకే నెల చుట్టూ గుమిగూడితే అలాంటి అమరికను నకలు తయారుచేసేవారు సాధించడం కష్టం, ఖర్చు కూడా. 1970 మోడల్ రావడం ఆలస్యమై 1969 కమారోలు ఆ ఏడాది నవంబరు దాకా తయారయ్యాయి కాబట్టి 10, 11 నెలల బాడీ తేదీలు చూసినప్పుడు అది 1968 శరదృతువులోదో 1969 చివరిదో విన్ వరుస సంఖ్యను బట్టి నిర్ణయించుకోవాలి.

గేర్‌బాక్సు, వెనక యాక్సిల్, చప్పుడు

మన్సీ ఫ్యాక్టరీ గేర్‌బాక్సు పక్కన పీ9 అని మొదలయ్యే తేదీ ముద్ర, దాని చివర ఏ, బీ, సీలలో ఒక అక్షరం ఉంటాయి; అవి వరుసగా ఎం20, ఎం21, ఎం22 రకాలు. విన్‌లోని అంకెల ముద్ర గేర్‌బాక్సు మీద కూడా ఉంటుంది. ఇంజిన్ ప్యాడ్ మీద ఎంతో శ్రద్ధ పెట్టి ముద్రలు మార్చినవారు గేర్‌బాక్సు సంగతి మరచిపోయిన సందర్భాలు ఉన్నాయి.

వెనక యాక్సిల్ మూత బోల్టులు లెక్కపెట్టండి, 12 ఉండాలి. గొట్టం ముందు వైపు పళ్ల నిష్పత్తి సంకేతం, తేదీ అచ్చు కొట్టి ఉంటాయి. జెడ్/28కు ప్రామాణికంగా ఇచ్చిన నిష్పత్తి 3.73. వెనక స్ప్రింగులు పలకలు పేర్చినవి కావాలి. మామూలు కమారోలకు ఒంటి పలక స్ప్రింగులు వచ్చేవి. వాటిని మార్చడం తేలికే గనుక ఇది బలమైన సాక్ష్యం కాదు, అయినా ఒంటి పలక కనిపిస్తే ప్రశ్న అడగాలి. కారు కిందే ఉన్నారు కాబట్టి గేర్ లివరు వచ్చే చోట ఫ్లోరును ఎలా కోశారో చూడండి. ఆటోమేటిక్ కారును తర్వాత మాన్యువల్‌గా మార్చినవారు ఆ రంధ్రాన్ని సొంత రంపంతో కోస్తారు, దాని అంచులు దాగవు. పైకి వచ్చాక ఫైర్‌వాల్ మీద హీటరు పెట్టె ఉన్న చోట ఎయిర్ కండిషనింగ్ పైపుల రంధ్రాలు మూసిన ఆనవాళ్లున్నాయేమో చేత్తో తడిమి చూడండి.

చివరగా ఇంజిన్ స్టార్టు చేయించి చెవి పెట్టండి. 302లో వాల్వు లిఫ్టర్లు (వాల్వులను ఎత్తే భాగాలు) గట్టివి. వాటిని కదిపే కామ్‌షాఫ్ట్‌కు 0.030 అంగుళాల సందు వదిలి సర్దుతారు కాబట్టి, ఇంజిన్ వేడెక్కాక కూడా కుట్టుమిషన్ లాంటి టకటక వినిపిస్తూనే ఉంటుంది. నిశ్శబ్దంగా, నున్నగా తిరిగే 302 అంటే లోపల వేరే కామ్‌షాఫ్ట్ అయినా ఉండాలి, వేరే ఇంజిన్ అయినా ఉండాలి.

దాగిన నంబర్లు

విన్‌లోని అంకెలను ఫ్యాక్టరీ బాడీ మీద కూడా రెండు చోట్ల కొట్టింది: ఫైర్‌వాల్ మీద హీటరు పెట్టె కింద ఒకటి, విండ్‌షీల్డు ముందుండే గాలి జాలీ ప్యానెల్ కింద ఒకటి. జాలీ విప్పడం అరగంట పని. హీటరు పెట్టె విప్పడం పెద్ద పని కాబట్టి బేరం ఖాయమయ్యే దశలో అడగండి. ఈ నంబరు డ్యాష్‌బోర్డు మీది ప్లేటుతో కలవకపోతే అది ఇక ధర విషయం కాదు. విన్ మార్చడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, దొంగిలించిన కారైతే పోలీసులు మీ గ్యారేజీలోంచే తీసుకుపోతారు. మర్యాదగా సెలవు తీసుకుని వచ్చేయండి.

కాగితాలు

ఆనాటి వారంటీ పుస్తకంలో ప్రొటెక్టో ప్లేట్ అనే చిన్న లోహపు రేకు ఉండేది. దాని మీద విన్‌తో పాటు ఇంజిన్, గేర్‌బాక్సు, యాక్సిల్ సంకేతాలు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి. షెవర్లే విషయంలో ఇంతకంటే మంచి కాగితం లేదనే చెప్పాలి, కానీ దీనికీ నకళ్లున్నాయి. కారు కూర్పు సమయంలో కార్మికులు వాడిన బిల్డ్ షీట్ కొన్ని కార్లలో పెట్రోలు ట్యాంకు మీదా, సీటు స్ప్రింగుల్లోనూ ఇరుక్కుని మిగిలిపోయింది. అది దొరికితే ఎలుకలు కొరికినా సరే, విప్పకముందే ఉన్న చోటే ఫొటో తీయండి. కిటికీకి అంటించే ధరల చీటీ, డీలరు బిల్లు, పాత యజమానుల సర్వీసు రసీదులు ఏవి ఉన్నా వాటి మీది విన్ సరిచూడండి. మొదట కెనడాలో అమ్ముడైన కారైతే మీ అదృష్టం: జనరల్ మోటార్స్ కెనడా తన పాత రికార్డుల నుంచి ధ్రువీకరణ పత్రాలు ఇస్తూ వచ్చింది.

ఇతర కార్లకు ఇదే పద్ధతి ఎంతవరకు పనిచేస్తుంది

కమారోలోనే ఇంకా అరుదైనవి కోపో కార్లు, అంటే డీలర్లు ప్రత్యేక ఆర్డరు ద్వారా 427 ఇంజిన్ వేయించుకున్నవి. కోపో 9560 సంఖ్యతో అల్యూమినియం బ్లాకు జెడ్ఎల్1 ఇంజిన్ ఉన్నవి 69 మాత్రమే తయారయ్యాయి. 9561 సంఖ్యతో వచ్చినవాటిలో ఇనుప బ్లాకు, 425 హార్స్‌పవర్. వీటికి ఎస్ఎస్ బ్యాడ్జి ఉండదు, కాబట్టి ఎక్స్66 ట్యాగ్‌తో కోపో అని చెప్పే కారును నమ్మవద్దు. ఇక్కడ ఒక తిరకాసు కూడా ఉంది: ఎంఓ అనే ఇంజిన్ సంకేతం 1967, 1968లలో జెడ్/28ది, 1969లో ఆటోమేటిక్ కోపో 427ది. ఏ సంవత్సరం పట్టిక ఆ సంవత్సరానికే వాడాలి.

ఫోర్డు విన్‌లో ఐదో అక్షరం ఇంజిన్‌దే. 1969 మస్టాంగ్‌లో జీ అంటే బాస్ 302, జెడ్ అంటే బాస్ 429, క్యూ లేదా ఆర్ అంటే 428 కోబ్రా జెట్. బాస్ 429 ఇంజిన్ ఎంత వెడల్పంటే బ్యాటరీకి చోటు చాలక దాన్ని డిక్కీలోకి మార్చారు. అసలు కార్ల డ్రైవరు తలుపు మీద కేకే అక్షరాలతో కూడిన వరుస సంఖ్య ఉంటుంది. 1967 నుంచి ఫోర్డు కార్ల తయారీ వివరాలన్నీ మార్టీ రిపోర్టు రూపంలో డబ్బు కట్టి తెప్పించుకోవచ్చు. అది లేకుండా ఫోర్డు కొనడానికి సాకు ఏదీ లేదు.

క్రైస్లరు విన్ కూడా ఇంజిన్ చెబుతుంది: 1970 ప్లిమత్ ’కుడాలో బీఎస్23 తర్వాత ఆర్ ఉంటే 426 హెమీ, వీ ఉంటే మూడు కార్బురేటర్ల 440. ఇంజిన్ గదిలో ఎడమ వైపు ఫెండరు ట్యాగ్‌ను కింది వరుస నుంచి పైకి చదవాలి. హెమీకి ఈ74 కనిపించాలి. రేడియేటరు పట్టీ మీదా, ఫైర్‌వాల్ పైభాగంలోనూ ఉన్న ముద్రలతో సరిపోల్చండి. 1970 హెమీ ’కుడా మడత టాపు కార్లు 14 మాత్రమే కాబట్టి, కొత్తగా ఒకటి బయటపడిందని ఎవరైనా చెబితే ఆశ కంటే అనుమానమే ముందు రావాలి.

పాంటియాక్ జీటీఓ 1966 నుంచి 1971 వరకు విన్ 242తో మొదలవుతుంది, కానీ జీటీఓలోని ‘జడ్జి’ అనే ఆప్షన్‌ను అది చెప్పదు. దానికి పాంటియాక్ పాత రికార్డులున్న పీహెచ్ఎస్ సంస్థ ఇచ్చే ఫ్యాక్టరీ బిల్లు నకలు తెప్పించుకుంటే చాలు.

బేరం

ఇంటికి వచ్చి మీ నోటు పుస్తకంలో రాసుకున్నవాటిని మూడు వరసలుగా విడదీయండి: కారుకు నంబరుతో ముడిపడినవి, తేదీ మాత్రమే కలిసినవి, మాట మీద ఆధారపడినవి. మొదటి వరసలో ఇంజిన్, గేర్‌బాక్సు, బాడీ నంబర్లు మూడూ ఉంటే, ముద్రలు ఎరిగిన స్వతంత్ర నిపుణుడికి ఫీజు కట్టి ప్యాడ్ చూపించి, ఆ తర్వాత అసలు కారు ధర మాట్లాడండి. అమ్మకం పత్రంలో ‘ఈ కారు ఫ్యాక్టరీలో జెడ్/28గా తయారైంది, ఈ ఇంజిన్ ఈ కారుతోనే వచ్చింది’ అని అమ్మకందారు చేత రాయించి సంతకం తీసుకోండి. నోటితో గంటసేపు చెప్పిన మనిషి ఆ రెండు ముక్కలు రాయడానికి వెనకాడితే, దాన్ని మంచి రంగు వేసిన మామూలు వీ8 కమారోగా లెక్కగట్టి, ఆ ధరకు ఇష్టమైతేనే తీసుకోండి.